నీళ్లు తాగని ద్రాక్షతీగ

మోసెస్‌కు నోరు ఆగదు. ఈ మాట ఆయన భార్య ఎలీసబెతుదే, ఆమె ఊరికే ఏ మాటా అనదు. లేకపోతే ఇంటి వెనక నిన్నగాక మొన్న పందిరెక్కిన ద్రాక్షతీగను చూసుకుని, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి, "ఈ క్రిస్మస్‌కు ప్రభు బల్ల రసం మా ఇంటి ద్రాక్షదే! ఎండుద్రాక్షలు బజార్ల కొనుడు బంద్!" అని పదిమందిలో ఎవరైనా చాటుకుంటారా? అప్పటికి ఆ తీగకు ఒక్క గుత్తి కాదు కదా, గుత్తి రాబోయే జాడ కూడా లేదు.

మెట్ల మీద అందరూ నవ్వారు. పాస్టరయ్య కూడా నవ్వాడు. ఎలీసబెతు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "డబ్బా కొట్టుకునుడు సాలు, ఇంటికి నడువు" అంది. ఎస్తర్ మాత్రం మామ మొహమే చూస్తూ నిలబడింది. ఆమె ఆ ఇంటి కోడలు, ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతుంది. మామ గొప్పలు చెప్పుకుంటుంటే ఆమెకు కడుపు నిండిపోయింది. ఎందుకంటే అంతకు ఏడాది ముందు ఆ మనిషి గోడ వైపు తిరిగి పడుకుని, అన్నానికి పిలిచినా పలికేవాడు కాదు.

మోసెస్ బీదర్‌లో పేరున్న బిద్రీ పనివాడు. కార్ఖానాలో అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. జస్తం అనే లోహంతో పోత పోసిన కూజా మీద ఉలితో పూలతీగలు చెక్కి, ఆ గాడుల్లో వెండితీగ కూర్చడం ఆయన పని. అంతా అయ్యాక చివర్లో ఖిల్లా మట్టి కావాలి. కోటలో ఎండ తగలని, వాన పడని చీకటి మూలల్లోని పాత మట్టి అది. దాన్ని నవాసారం అనే ఉప్పుతో కలిపి నీళ్లలో మరిగించి కూజాను ముంచితే, జస్తం మొత్తం నల్లగా మారిపోతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తూ మిగిలిపోతుంది. ఆ మట్టి మంచిదో కాదో నాలుక మీద వేసుకుని చూస్తారు. ఎవరు మట్టి తెచ్చినా మోసెస్ నాలుకకు చూపించాకే మరగబెట్టేవాళ్లు. ఆయన తల ఊపితే సరే, ఉమ్మేస్తే ఆ సంచి బయటికే.

అలాంటి మనిషికి చేతులు వణకడం మొదలైంది. దవాఖానాలో చూపించారు, మందులు వాడారు, పెద్దగా గుణం లేదు. ఒకరోజు ఉలి జారి, నెలల పని మీద అడ్డంగా గీత పడింది. ఆ సాయంత్రమే తన మట్టి డబ్బా చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాడు, మళ్లీ కార్ఖానా గడప తొక్కలేదు. అంగీ గుండీలు కూడా తనంతట తను పెట్టుకోలేకపోయేవాడు. ఎస్తర్ పెడుతుంటే సిగ్గుతో కళ్లు మూసుకునేవాడు. ఆ సిగ్గు పడలేకే బయటికి పోవడం మానేశాడు.

ద్రాక్షకొమ్మను ఇంటికి తెచ్చింది ఎస్తరే. వాళ్ల స్కూల్లో సైన్సు చెప్పే మహాదేవిది చింతకి అనే ఊరు. ఆమె అన్న విజయపుర దిక్కున ద్రాక్షతోట పెట్టాడు. అక్కడినుంచి తెచ్చిన, వేళ్లు వచ్చిన కొమ్మను ఒకదాన్ని ఎస్తర్ చేతిలో పెట్టింది. ఎస్తర్ దాన్ని తీసుకుపోయి మంచం మీది మామ చేతిలో పెట్టి, "ఇది ఏడ పెట్టాల్నో నువ్వే చెప్పు మామా, నాకు తెల్వది" అంది. ముసలాయన చాలాసేపు ఆ పుల్లను తిప్పి తిప్పి చూశాడు. ఆపైన బనీను మీదే లేచి, పెరట్లో బట్టల రాయి పక్కన గుంత తవ్వమని కొడుకు నథానియేల్‌ను కేకేశాడు.

తీగ బతికింది, దాంతోపాటు మోసెస్ కూడా. పొద్దున్నే లేచి దాని ముందు కూర్చునేవాడు. కొత్త ఆకు వస్తే ఇల్లంతా లేపేవాడు. "ఎస్తరమ్మా, గుండీలు పెట్టు, చర్చికి పోవాలె" అని తనే పిలిచేవాడు. సిగ్గు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

మార్చి వచ్చేసరికి తీగకు ఏదో అయింది.

మొదట మధ్యాహ్నం ఎండకు ఆకులు వాలి, చల్లబడ్డాక మళ్లీ లేచేవి. ఆ తర్వాత చల్లబడ్డా లేవడం మానేశాయి. ఆకుల అంచులు సెగ తగిలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. నీళ్లు తక్కువయ్యాయని మోసెస్ చెంబుతో పోశాడు, ఆ పైన బకెట్‌తో పోశాడు. పాదు ఎప్పుడు చూసినా తడిగానే ఉండేది. వేలు గుచ్చితే బురద. అయినా తీగ దాహంతో చచ్చిపోతున్నదానిలా వేలాడుతోంది.

"నాయినా, నీళ్లు ఎక్కువైతున్నయి" అన్నాడు నథానియేల్. అతను బస్సు డిపోలో మెకానిక్కు, ఏ రోగమైనా ఏదో ఒకటి ఎక్కువో తక్కువో కావడమే అతని లెక్క.

"ఎక్కువైతే గట్లెందుకు వాలుతదిరా, తక్కువైతెనే గద వాలేది!" అన్నాడు మోసెస్.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఎస్తర్ స్కూలు నుంచి వచ్చేసరికి మామ మంచం మీద ఉన్నాడు. మొహం గోడ వైపు ఉంది. చేతిలోని సంచి అక్కడే పెట్టేసి మంచం అంచున కూర్చుంది.

"ఈ చేతులు ముట్టిన పని ఎన్నడూ ఖరాబ్ కాలేదు బిడ్డా" అన్నాడు ఆయన గోడతోనే. "ఇప్పుడు ఏది ముట్టినా గిట్లనే అయితాంది. ఇడిసిపెట్టు. నన్ను గూడ ఇడిసిపెట్టుండ్రి."

ఎస్తర్‌కు భయమేసింది. తీగ పోతే ఇంకో తీగ వస్తుంది. ఈసారి మోసెస్ గోడ వైపు తిరిగితే మాత్రం మళ్లీ ఇటు తిరగడని ఆమెకు ఖాయంగా తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం స్టాఫ్ రూములో జొన్నరొట్టెలు విప్పుకుంటూ మహాదేవికి అంతా చెప్పింది.

"ఆకు వాలిందంటే దాంట్ల నీళ్లు తక్కువైనయని" అంది మహాదేవి. "ఆకుల కండ్లకు కనవడని గదులుంటయి ఎస్తరక్కా. నీళ్లు నిండితే గదులు బిర్రుగ ఉంటయి, ఆకు నిలవడ్తది. నీళ్లు తగ్గితే గాలి పోయిన సైకిల్ ట్యూబే."

"కింద బురద ఉన్నది గద మహాదేవీ? నీళ్లకేం తక్కువ?"

"ఉండుడు వేరే, తాగుడు వేరే. వేరు కొసలకు పల్చటి పొరలుంటయి. నీళ్లు ఆ పొర దాటి లోపటికి పోవాలె, ఆడికెల్లి కాండంల సన్నటి గొట్టాల పొంటి పైకెక్కాలె. ఆకులు ఎండకు నీళ్లు ఇడుస్తుంటే కింది నీళ్లు గుంజుకొని వస్తనే ఉంటయి. మీ తీగకు వేరు కాడ్నే ఏదో అడ్డం పడ్డది. మీ మామ ఎరువేమన్న ఏసిండా?"

"అడిగిన. జర పెంటెరువు తప్ప ఏం ఎయ్యలేదన్నడు. మొదట్ల ఏసిందంతే."

"అట్లయితే వేరు కుళ్లిందేమో, జర తవ్వి చూడు."

ఆ సాయంత్రం ఎస్తర్ పాదు పక్కన మెల్లగా తవ్వి, ఒక వేరు తుంచి వాసన చూసింది. కుళ్లు వాసన లేదు. లోపల ఇంకా తెల్లగానే ఉంది. ఫోటో తీసి పంపితే మహాదేవి, "వేరు మంచిగనే ఉన్నదక్కా, నాకూ సమజైతలేదు" అని రాసింది. ఇంకేముంది, ఉన్న ఒక్క ఆసరా కూడా పోయింది.

ఏప్రిల్ మొదటి ఆదివారం దగ్గరపడింది. నెలనెలా మొదటి ఆదివారం చర్చిలో ప్రభు బల్ల ఉంటుంది. దానికి రసం తీసేది ఎన్నో ఏళ్లుగా ఈ ఇల్లే. నల్ల ఎండుద్రాక్షలు శుక్రవారం సాయంత్రం ఉత్త నీళ్లలో నానబెట్టాలి. ఉబ్బాక ఆ నీళ్లతోనే ఉడికించి, పిసికి, వడగట్టి, అప్పుడు చక్కెర కలపాలి. ఎలీసబెతుకు మోకాళ్ల నొప్పులు వచ్చాక ఆ పని కోడలికి అప్పగించింది. అప్పగించిందనే గానీ, వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని ప్రతిదానికీ వంక పెట్టడం మానలేదు.

ఆ శుక్రవారం ఎస్తర్ ముందు పిల్లల పరీక్ష కాగితాలు కట్టలుగా ఉన్నాయి. తెల్లారి పని తగ్గుతుంది కదా అని, చక్కెరంతా ముందే కరిగించి చిక్కటి పానకం చేసి, ద్రాక్షలను అందులోనే పోసి మూత పెట్టేసింది. మనసంతా మామ మీద ఉంటే ఆ మాత్రం తొందర ఎవరికైనా వస్తుంది.

శనివారం పొద్దున మూత తీస్తే ద్రాక్షలు నిన్నటిలాగే ముడతలు పడి ఉన్నాయి. ఎస్తర్ గరిటెతో కలిపి చూసింది. గట్టిగానే తగిలాయి.

"పానకంల ఏసినవానే?" అని గుమ్మంలోంచే కేకేసింది ఎలీసబెతు. చూడకుండానే ఆమెకు అన్నీ తెలిసిపోతాయి. "నీకు వందసార్లు చెప్పిన! నీళ్లు తాగినంకనే తీపి. తీపిల ఏస్తే అవి తాగయి."

"చుట్టూ నీళ్లే గదా అత్తమ్మా, ఎందుకు తాగయి?"

"ఎందుకంటే నాకేం ఎరుక? తాగయంతే! మా అమ్మ చెప్పింది, నేను నీకు చెప్పిన. జల్ది కడిగి ఉత్త నీళ్లల్ల ఎయ్యి, రేపు పాస్టరయ్య ముంగట నా ఇజ్జత్ తియ్యకు."

ఎస్తర్ పానకం వంపేసి, ద్రాక్షలను కడిగి, గోరువెచ్చని ఉత్త నీళ్లలో పోసింది. పక్కన ఎలీసబెతు కాకరకాయలు చక్రాలుగా తరిగి, ఉప్పు రాసి పళ్లెంలో పెట్టింది. ఎస్తర్ టీ తాగి వచ్చేసరికి ద్రాక్షల ముడతలు విప్పుకుంటున్నాయి. అవే ద్రాక్షలు. తెల్లవార్లూ నీళ్లలో ఉండి ముట్టనివి, ఇప్పుడు చూస్తుండగానే తాగి బుగ్గలు పూరిస్తున్నాయి. పక్క పళ్లెంలో కాకరకాయ ముక్కలు మెత్తబడి, వాటి చుట్టూ నీళ్లు ఊరి మడుగు కట్టాయి. ఆ నీళ్లు ఎవరూ పోయలేదు. కాకరకాయ లోపలివే, ఉప్పు బయటికి లాగేసింది.

ఎస్తర్ చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. బయట చిక్కగా ఉంటే లోపలికి నీళ్లు పోవు. ఇంకా చిక్కనైతే లోపలి నీళ్లే బయటికొస్తాయి. పెరట్లో తీగ బురదలో నిలబడి ఎండిపోతోంది.

"అయ్యో దేవా" అంటూ పెరట్లోకి పరుగెత్తింది.

పాదు అంచున, తడి ఆరిన చోట మట్టి మీద తెల్లటి పొర ఉంది. ఆమె దాన్ని అంతకుముందూ చూసింది, బట్టల సబ్బు పొడి పడిందనుకుంది. గోటితో గీరి చిటికెడు మట్టి తీసుకుంది. నోట్లో వేసుకోబోయి ఆగింది. ఈ పని చేయాల్సిన నాలుక ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"మామా, ఒక్కసారి లే. మట్టి చూడాలె."

"ఏం మట్టి?"

"ఏం మట్టో నువ్వే చెప్పాలె. నాకు తెలుస్తలేదు."

కార్ఖానా వదిలాక మోసెస్ నాలుకకు ఎవరూ మట్టి చూపించలేదు. మెల్లగా ఇటు తిరిగి, లేచి కూర్చుని, అరచెయ్యి చాపాడు. చెయ్యి వణికి సగం మట్టి దుప్పటి మీద రాలింది. మిగిలినదాన్ని నాలుకతో తాకి కళ్లు మూసుకున్నాడు.

"ఖిల్లా మట్టి" అన్నాడు. "నవాసారం గూడ కలిసింది. ఎవరు తెచ్చిండ్రిది?"

"ఎవరూ తేలే మామా. నీ ద్రాక్ష పాదుల ఉన్నది."

"అవును, నేనే ఏసిన" అన్నాడు మోసెస్ తేలిగ్గా.

ఎస్తర్ నోరు తెరిచింది. "మరి పెంటెరువు తప్ప ఏం ఎయ్యలేదంటివి కదా?"

"ఇది ఎరువెట్లయితది బిడ్డా? మట్టి! మట్టిల మట్టి ఏసిన." పనివాడి నమ్మకమంతా ఆ గొంతులో ఉంది. "ఎందుకూ పనికిరాని జస్తానికి నిగనిగ తెచ్చే మట్టి. దీనికున్నంత బలం ఇంక దేనికున్నది? కార్ఖానా కాడికెల్లి తెచ్చుకున్న డబ్బా, నేను ఎవరికోసం దాచాలె? నా తీగకే పెట్టుకున్న. నవాసారం లేకుంటే మట్టి పని చెయ్యది గద, అది గూడ రెండు గుప్పిళ్లు కలిపిన. ఆకులు వాలినంక ఇంకింత ఏసిన."

ఎస్తర్ ఆయన చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. నీళ్లలో ఉబ్బిన ద్రాక్షలను చూపించింది, నీళ్లు వదిలిన కాకరకాయ ముక్కలను చూపించింది. "ఆ మట్టి ఎన్నడూ వాన చూడలే మామా. దాంట్ల ఉప్పు దాంట్లనే ఉండిపోయింది. నీళ్లు పక్కన్నే ఉన్నా వేరు తాగలేకపోయింది. లోపటియి గూడ పోయినయి."

మోసెస్ పళ్లెం వైపు చూశాడు, గిన్నె వైపు చూశాడు. చెప్పింది అర్థమవుతుంటే ఆయన మొహం చూడలేకపోయింది ఎస్తర్. "నేనే సంపిన" అన్నాడు. "ఉప్పు పెట్టి నా చేతులతోనే సంపిన." అంటూనే నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఎస్తర్ కూడా ఏడ్చింది. మంచిదనుకుని తనకున్నదంతా పెట్టిన మనిషిని ఏమని ఓదారుస్తాం?

"ఏడుస్తనే కూసుంటరా ఇద్దరూ?" అంది ఎలీసబెతు పీట మీదినుంచి. ఆమె కళ్లు కూడా తడిగానే ఉన్నాయి గానీ గొంతు మాత్రం అదే గొంతు. "కూరల ఉప్పెక్కువైతే కూర పారబోస్తున్నమా? నీళ్లు పోసి కడుగుండ్రి!"

మహాదేవికి ఫోన్ చేస్తే ఆమె కూడా అదే మాట చెప్పింది. అయితే పోసిన నీళ్లు నిలవకూడదు, ఉప్పును వెంట తీసుకుని బయటికి పోవాలి. ఆ పాదు కింద ఎర్రరాయి ఉంది. అందుకే ఇన్నాళ్లూ పోసిన నీళ్లు ఎటూ పోక అక్కడే ఆవిరై, ఉప్పును మిగిల్చాయి. మధ్యాహ్నం నథానియేల్ డిపో నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా గడ్డపార తీసుకుని, పాదు అడుగు నుంచి మురుగు కాలువ దాకా దారి తవ్వాడు. బోరు నీళ్లలో కూడా ఉప్పు ఉంటుందని, సందు చివరి చేదబావి నుంచి బిందెలతో మోశారు.

మోసెస్ కాలువ మూతి దగ్గర కూర్చున్నాడు. నీళ్లు వచ్చినప్పుడల్లా వేలు ముంచి నాలుకకు రాసుకునేవాడు. మొదటిసారి మొహమంతా ముడుచుకుని ఉమ్మేశాడు.

"ఉన్నది" అన్నాడు.

మళ్లీ పోశారు. "ఉన్నది." మళ్లీ పోశారు. "ఇంకా ఉన్నది."

"నాయినా, నా భుజాలు పోతున్నయి. నీ నాలుక పక్కానేనా?" అన్నాడు నథానియేల్.

"నా చేతులు పోయినయి గని నాలుక పోలేదురా. పొయ్యి!"

చాలా రోజుల తర్వాత విన్న ఆ ఉస్తాద్ గొంతుకు నథానియేల్ మారుమాట్లాడకుండా బిందె ఎత్తుకున్నాడు. పొద్దుగూకే వేళకు మోసెస్ వేలు నాలుకకు రాసుకుని, మళ్లీ ఒకసారి రాసుకుని, "ఏం లేదు. ఉత్త నీళ్లు" అన్నాడు.

ఇంకొక పని మిగిలింది. ఉన్న ఆకులు పైనుంచి నీళ్లు లాగుతూనే ఉంటాయి, దెబ్బతిన్న వేళ్లు అంత అందించలేవు కాబట్టి తీగను కోసేయమంది మహాదేవి. "నడుమెత్తుకు కొయ్యుండ్రి. వేరు బతికుంటే కిందికెల్లి నీళ్లు నెడ్తది, కోసిన కాడ చుక్క ఊరతది. లేకుంటే ఎండుతది" అంది.

ఎస్తర్ కత్తి తెచ్చి మామకిచ్చింది. ఆయన తన చెయ్యి వంక చూసుకున్నాడు. మోచెయ్యి మోకాలికి ఆనించి, మణికట్టును తీగకు అదిమిపెట్టాడు. ఉలి పట్టేటప్పుడు కూడా అలాగే అదిమేవాడు. ఒక్క వేటుకు కోత నున్నగా పడింది. పందిరి మీదికి పాకిన తీగంతా కిందికి జారింది, బట్టల రాయి వైపు ఒరిగిన మోడు మాత్రం మిగిలింది.

ఆదివారం చర్చిలో రసానికి ఏ లోటూ రాలేదు. మెట్ల మీద ఎవరో, "ఉస్తాద్, ద్రాక్ష ఏడిదాక వచ్చింది?" అని నవ్వుతూ అడిగారు. మోసెస్ తల దించుకుని నడిచాడు. ఇంటికొచ్చి అంగీతోనే మంచమెక్కి గోడ వైపు తిరిగాడు.

ఆ తర్వాత ఎస్తర్ రోజూ స్కూలుకు పోయేముందు మోడు దగ్గర వంగి చూసేది. చుక్క లేదు. కోసిన చోటు ఎండి గోధుమరంగుకు తిరిగింది. పాదు మీద తడి గోనెసంచి కప్పింది, ప్రార్థన చేసింది. తన మీద తనకే కోపం వచ్చింది. మనిషి ప్రాణాన్ని తీసుకుపోయి ఒక పుల్లకు కట్టడమేమిటి, ఆ పుల్ల పోతే ఆయనకు ఏం చెప్పాలి?

"ఎండిన మూతి తీసెయ్యక్కా, జర కిందికెల్లి మళ్లొకపారి కొయ్యి" అంది మహాదేవి. ఎస్తర్ కత్తి పట్టుకుని మామ దగ్గరికి పోయింది.

"సచ్చినదాన్ని ఎన్నిసార్లు కోస్తరు?" అన్నాడు ఆయన. ఇటు తిరగలేదు.

ఆ సాయంత్రం ఎస్తరే కోసింది. ఆమెకు కత్తి పని రాదు. నాలుగు చోట్ల చెక్కి, పీచు లేచి, చివరికి ఎలాగో ముక్క ఊడింది. అక్కడ కూడా ఏమీ కనిపించలేదు. కళ్లు తుడుచుకుని లోపలికొచ్చేసింది.

తెల్లారి ఎలీసబెతు పెరట్లో అరుస్తోంది. మోకాళ్లు ఎంత నొప్పి పెట్టినా గిన్నెలు తోమడం మాత్రం ఆమె ఎవరికీ వదలదు. బట్టల రాయి పక్కన పీట వేసుకుని తోముతోంది.

"తడి బట్టలు పిండకుండ ఆరేసిందెవరు? నెత్తి మీద సుక్కలు పడ్తున్నయి!"

దండెం మీద బట్టలే లేవు. ఆ సంగతి ముందు ఎస్తర్‌కే తట్టింది. చేతిలోని దువ్వెన పడేసి పరుగెత్తింది. మోడు కొసన, ఆమె వంకరటింకరగా కోసిన చోట, ఒక నీటిచుక్క వేలాడుతోంది. అది బరువెక్కి అత్త నెత్తిన పడింది. మోడు కొసన మెల్లగా ఇంకొకటి ఊరింది.

"మామా!" అని ఆమె పెట్టిన కేకకు పక్కింటివాళ్లు కూడా లేచారు. "మామా, లే! నీళ్లు నెడ్తాంది! పైకి నెడ్తాంది!"

మోసెస్ వచ్చాడు. గోడ పట్టుకుని, బనీను మీద, నమ్మకం లేని మొహంతో వచ్చాడు. చుక్కను చూసి వేలు చాపాడు. వేలు వణికి, తగలగానే చుక్క రాలిపోయింది. మళ్లీ ఊరేదాకా అందరూ అక్కడే నిలబడ్డారు. ఈసారి ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, మెడ చాపి, నాలుకనే నేరుగా మోడుకు ఆనించాడు.

"ఎట్లున్నది?" అంది ఎలీసబెతు. ఆమె గొంతు ఎన్నడూ లేనంత చిన్నగా ఉంది.

"ఉప్పు లేదు" అన్నాడు మోసెస్. ఆయన కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. "ఉత్త నీళ్లు. మంచి నీళ్లు. బతికే ఉన్నదే, తాగుతాంది!" అని మోడును ఇంకోసారి ఎగాదిగా చూసి మొహం చిట్లించాడు. "ఎస్తరమ్మా, ఇదేం కోతనే? ఎలుక కొరికినట్టున్నది. ఉస్తాద్ ఇంట్ల ఉండంగ గిట్లనా కోసేది?"

ఎస్తర్ నవ్వుతూనే ఏడుస్తోంది.

"మరి ఈ క్రిస్మస్‌కే రసం అని చర్చిల చాటినవు కదా. దానికేమంటవు?" అంది ఎలీసబెతు. ఆమె గొంతు మళ్లీ మామూలుగా అయింది.

"ఒక్క ఏడు ఆగమని చెప్పొస్త" అన్నాడు మోసెస్. "ఇప్పుడే పోయి పాస్టరయ్యకు చెప్పొస్త."

లోపలికి పోయాడు. ఎస్తర్ గుండీల కోసం పిలుస్తాడని గుమ్మంలో నిలబడి చూసింది. పిలవలేదు. చాలాసేపటికి బయటికొచ్చాడు. పై గుండీ కింది కాజాలో పడింది, దాంతో అంగీ ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి వేలాడుతోంది. ఎలీసబెతు నోరు తెరవబోయింది. ఎస్తర్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది. మోసెస్ ఆ వంకర అంగీతోనే తలెత్తుకుని, పక్కింటివాళ్లకు ముందుగా కబురు చెబుతూ, సందు చివరిదాకా నడుచుకుంటూ పోయాడు.